నిద్రపోని చెట్లు

గ్వాంగ్‌జౌలో కుండీ చెట్ల ప్రదర్శన దగ్గర పడిందంటే అక్కడి తోటమాలులు కొత్తవాళ్లకు వింతగా తోచే పనొకటి మొదలుపెడతారు. ఏళ్ల తరబడి పెంచిన చెట్టును ముందు పెట్టుకుని, దాని ఆకులు ఒక్కటీ మిగలకుండా తుంచేస్తారు. వచ్చేవాళ్లు చూడాలనుకునేది కొమ్మల నడకను. మాను ఎక్కడ మలుపు తిరిగింది, కొమ్మ ఎక్కడ చీలింది, చివరి రెమ్మ ఎంత సన్నగా తేలింది, ఇవన్నీ ఆకులు అడ్డుంటే కనపడవు.

జపాన్‌లో మేపుల్ చెట్టు ఆకులు రాల్చే పని చలికాలం చూసుకుంటుంది. గ్వాంగ్‌జౌ కర్కాటక రేఖకు కాస్త దిగువన, మన కోల్‌కతాకు కొద్దిగా ఎగువన ఉన్న ఊరు. అక్కడి మర్రి జాతి చెట్లు చలికాలంలో కాస్త నెమ్మదిస్తాయి, అంతే. పూర్తిగా నిద్రపోవు. అందుకే చలి చేయని పనిని మనిషి వేళ్లు చేస్తాయి. చలిదేశాల నియమాలతో స్థిరపడిన ఒక కళ, ఏడాది పొడుగునా చిగురిస్తూనే ఉండే చెట్ల మధ్యకు వచ్చినప్పుడు తన లెక్కలన్నీ మళ్లీ వేసుకోవలసి వచ్చింది. ఆ కొత్త లెక్కలు ఎక్కడ, ఏ చెట్ల దగ్గర, ఎవరి చేతుల్లో తేలాయో చెప్పేదే వేడి దేశాల బోన్సాయ్ చరిత్ర.

మంచు నేర్పిన నియమాలు

బోన్సాయ్ అనగానే జపాన్ గుర్తొస్తుంది గానీ దాని పుట్టిల్లు చైనా. టాంగ్ వంశపు యువరాజు లీ షియాన్ కోసం 706లో కట్టిన సమాధి గోడల మీద ఒక బొమ్మ ఉంది. చిన్న రాళ్లు, మొక్కలు అమర్చిన పళ్లేన్ని చేతుల్లో పట్టుకుని పరిచారకులు నడుస్తుంటారు. కొండనూ అడవినీ పళ్లెంలోకి దింపే ఈ విద్యను చైనావాళ్లు పెన్‌జింగ్ అంటారు. అది బౌద్ధంతో పాటు సముద్రం దాటి జపాన్ చేరింది. 1309 నాటి ఒక జపాన్ చిత్రపటంలో కుండీల్లో పెంచిన చిన్న చెట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

జపాన్ నో నాటకాల్లో ‘హచినోకి’ అనే ప్రసిద్ధ నాటకం ఉంది. మంచు కురుస్తున్న రాత్రి ఒక పేద సమురాయ్ ఇంటికి సన్యాసి వస్తాడు. చలి కాచుకోవడానికి ఇంట్లో కట్టెలు ఉండవు. ఆ సమురాయ్ తన దగ్గర మిగిలిన మూడు కుండీ చెట్లను, అంటే ప్లమ్, చెర్రీ, పైన్‌లను నరికి మంటలో వేస్తాడు. మంచు లేకపోతే ఆ కథ లేదు. ఆ మూడూ చలిదేశపు చెట్లే. జపాన్ బోన్సాయ్ పద్ధతి అంతా అలాంటి చెట్ల చుట్టూనే అల్లుకుంది. పైన్, జునిపర్, మేపుల్, ప్లమ్ దాని మూలస్తంభాలు. టోక్యో రాజప్రాసాదంలో మూడో తొకుగావా షోగన్ ఇయెమిత్సు పేరుతో ఇప్పటికీ బతికున్న చెట్టు కూడా ఐదు సూదుల పైన్ జాతిదే.

ఈ చెట్లకు ఏడాదిలో ఒక విరామం తప్పనిసరి. సున్నాకూ ఏడు డిగ్రీలకూ మధ్య చలి కొన్ని వందల గంటలపాటు తగిలితేనే మేపుల్ లాంటి చెట్టు మొగ్గ వసంతంలో సరిగ్గా విచ్చుకుంటుంది. ఆ విరామాన్ని బట్టే పెంపకందారు పంచాంగం నడుస్తుంది. మొగ్గ కదలక ముందు వేళ్లు కత్తిరించి కుండీ మార్చాలి. వసంతంలో చిగురు గిల్లాలి. ఆకు రాలాక కొమ్మలు చూసుకుని, వాటిని వంచడానికి లోహపు తీగ చుట్టాలి. చుట్టిన తీగ నెలల తరబడి అలాగే ఉండొచ్చు, ఎందుకంటే కొమ్మ లావెక్కడం నిదానం.

ఇదే మేపుల్‌ను తెచ్చి చెన్నైలోనో విజయవాడలోనో పెడితే ఏమవుతుంది? మొదటి ఏడాది ఆకులు వేస్తుంది. చలి తగలక రెండో ఏడాది మొగ్గలు తడబడతాయి. ఆ తర్వాత చెట్టు క్షీణించి పోతుంది. పెంచేవాడి శ్రద్ధలో లోపం ఉండదు. చెట్టుకు కావలసిన నిద్ర ఆ గాలిలో లేదు.

కొమ్మ పెంచు, ఆపై కత్తిరించు

వేడి నేలకు సొంత పద్ధతిని కనిపెట్టిన తొలి కేంద్రాల్లో గ్వాంగ్‌జౌది పెద్ద పేరు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌షీ ప్రాంతాలను కలిపి లింగ్‌నాన్ అంటారు. ఉత్తరాన ఉన్న కొండల వరస దాటితే వచ్చే దిగువ దేశం అది. వేడి, తేమ, వానలు, దాదాపు ఏడాదంతా ఎదుగుదల. 20వ శతాబ్దపు తొలి సగంలో ఇక్కడ కుండీ చెట్ల పెంపకం ఒక ప్రత్యేక సంప్రదాయంగా రూపు కట్టింది. దానికి దారి చూపిన వాళ్లలో ఇద్దరి పేర్లు తప్పక వినిపిస్తాయి. ఒకరు గ్వాంగ్‌జౌ వాసి కాంగ్ తాయ్‌చూ. రెండోవారు హాయ్‌చ్వాంగ్ ఆలయంలో ఉన్న సూరెన్ అనే బౌద్ధ భిక్షువు.

ఇద్దరి దారులూ వేరు. కాంగ్ తాయ్‌చూ పాతకాలపు చైనా చిత్రకారులు గీసిన చెట్లను చూసి, అలాంటి గట్టి, గరుకు కొమ్మలను నిజం చెట్టు మీద రప్పించాలనుకున్నాడు. సూరెన్ చెట్లలో రెండు మూడు కొమ్మలకు మించి ఉండవు. సన్నటి మాను, పైన కాసిని ఆకులు, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీకే అంత విలువ ఇచ్చినవాళ్లు అంతకుముందు తక్కువ.

లింగ్‌నాన్ పద్ధతి చెప్పడానికి తేలిక. చేయడానికి మాత్రం పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. ఒక కొమ్మను ముట్టుకోకుండా ఇష్టమొచ్చినట్టు పెరగనిస్తారు. అది మానుకు తగినంత లావెక్కాక మొదట్లో చిన్న ముక్క ఉంచి మిగతాది కోసేస్తారు. కోసిన చోటి నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో కావలసిన దిక్కుకు తిరిగిన ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లేస్తారు. ఆ చిగురు మళ్లీ లావెక్కేదాకా ఆగుతారు. ఈసారి ఇంకాస్త చిన్న ముక్క ఉంచి కోస్తారు. ఇలా నాలుగైదు సార్లు గడిచేసరికి కొమ్మ ప్రతి కణుపు దగ్గరా దిశ మార్చుకుంటూ, ప్రతి మలుపుకూ సన్నబడుతూ పోతుంది. తీగ చుట్టి వంచిన కొమ్మలో ఒంపు ఉంటుంది. ఇలా కోస్తూ పెంచిన కొమ్మలో విరుపు ఉంటుంది. ఆ విరుపుల తీరును బట్టి దుప్పి కొమ్ములనీ పీత గోళ్లనీ రకాలు చెప్పుకుంటారు.

చలిదేశంలో ఈ పద్ధతిని పూర్తిగా నమ్ముకోవడం కష్టం. ఏడాదికి ఒక్క విడత ఎదుగుదల ఉండే పైన్‌ను ఇలా కోసుకుంటూ పోతే మనిషి ఆయుష్షు చాలదు. మర్రి జాతికి, నాగగొలుగుకు, చైనా వాళ్లు ఇష్టంగా పెంచే ఫుకియన్ టీ మొక్కకు ఏడాదిలో ఎన్నోసార్లు చిగురు వస్తుంది. ఏ ఎదుగుదల తీగ పద్ధతికి అడ్డమొచ్చిందో, అదే ఇక్కడ పనిముట్టయింది. లింగ్‌నాన్ తోటమాలులు సాధించిన పెద్ద విషయం ఇదే.

1949లో చైనాలో కమ్యూనిస్టుల పాలన వచ్చాక ఈ విద్యలో కొంత భాగం హాంకాంగ్‌లో వేళ్లూనుకుంది. అక్కడ వింగ్ లంగ్ బ్యాంకు స్థాపించిన వూ యీ-సున్, తన మాన్ లంగ్ తోటలో వందల కొద్దీ కుండీ చెట్లు పెంచాడు. 1969లో వాటి ఫొటోలతో, పద్ధతులతో చైనీస్, ఇంగ్లిష్ భాషల్లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. అప్పటిదాకా పాశ్చాత్యులకు కుండీ చెట్టు అంటే జపాన్ పైన్ మాత్రమే. వేడి నేల చెట్లకు వేరే సంప్రదాయం ఉందని ఆ పుస్తకంతో చాలామందికి తెలిసింది. 1984లో ఆయన తన చెట్లలో కొన్నింటిని కెనడాలోని మాంట్రియల్ వృక్షోద్యానానికి ఇచ్చేశాడు. ఆ తర్వాత మరికొన్ని వాషింగ్టన్ చేరాయి. గ్వాంగ్‌జౌ ఎండలో పెరిగిన జాతులకు మాంట్రియల్ చలికాలంలో అద్దాల ఇల్లు కట్టవలసి వచ్చింది.

నీటి తొట్టెలో కొండ, గుడి ముంగిట బర్రెంక

దక్షిణ చైనా దాటి ఇంకా కిందికి వస్తే, వేడి దేశాలు చిన్న చెట్టును బయటి నుంచి వచ్చే పాఠంగా ఎదురుచూడలేదని తెలుస్తుంది. వియత్నాంలో ఇళ్ల ముంగిళ్లలో, గుడి ఆవరణల్లో నీళ్ల తొట్టె మధ్య రాతి కొండ నిలిపి, దాని పగుళ్లలో చిన్న చెట్లు నాటి, గుడి బొమ్మలూ మనుషుల బొమ్మలూ పెట్టే ఆచారం ఉంది. దీన్ని హోన్ నోన్ బో అంటారు. ఫ్రెంచి పండితుడు రోల్ఫ్ స్టైన్ హనోయ్‌లో ఉన్న రోజుల్లో దీన్ని శ్రద్ధగా పరిశీలించి, 1942లో సుదీర్ఘమైన అధ్యయనం ప్రచురించాడు. తూర్పు ఆసియాలో చిన్న ప్రపంచాలు కట్టుకోవాలన్న కోరిక వెనక ఉన్న నమ్మకాలను వెతికే ఎవరైనా ఇప్పటికీ ఆ రచన దగ్గరికే వెళ్తారు.

థాయ్‌లాండ్‌లో వంచిన చెట్ల విద్య వేరే ఉంది. దాన్ని మై దత్ అంటారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలోనూ రాజభవనంలోనూ ఈ చెట్లు నిలబడి ఉంటాయి. కొన్ని మనిషి ఎత్తు దాటుతాయి. వంకర తిరిగిన మాను, కొమ్మ చివర బంతిలా కత్తిరించిన ఆకుల గుత్తి దాని గుర్తు. ఇందుకు వాళ్లు ఎక్కువగా వాడేది ఖోయ్ చెట్టును. ఈ చెట్టు బెరడుతోనే పూర్వం థాయ్ లిఖిత గ్రంథాలకు కాగితం చేసేవారు. తెలుగు పల్లెల్లో కంచెల వెంట, చెరువు గట్ల మీద గరుకు ఆకులతో పెరిగే బర్రెంక చెట్టు ఇదే. ఎంత కోసినా చిగురించే గుణం, చిన్న ఆకు, ముదురు బెరడు, మొండి ప్రాణం, కుండీకి కావలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. బ్యాంకాక్‌లో రాజభవనం ఎక్కిన చెట్టు మన దగ్గర కంచె కట్టెగానే మిగిలిపోయింది.

దీవులు కనుగొన్న కొత్త జాతులు

20వ శతాబ్దంలో జపాన్ బోన్సాయ్ ప్రపంచమంతా తిరిగింది. 1923 కాంటో భూకంపంలో టోక్యో దెబ్బతిన్నాక, అక్కడి పెంపకందారులు మంచి నీళ్లు, మంచి గాలి వెతుక్కుంటూ ఉత్తరాన ఉన్న ఓమియాకు వెళ్లి 1925 నుంచి ఒక గ్రామంగా స్థిరపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విదేశీయులు ఈ విద్య నేర్చుకోవడానికి వెళ్లింది ఎక్కువగా అక్కడికే. పుస్తకాలు వచ్చాయి. సంఘాలు పుట్టాయి. వేడి దేశాల్లో ఆ పుస్తకాలు చదివినవాళ్లకు మాత్రం ఒక చిక్కు ఎదురైంది. వాటిలో ఉన్న చెట్లు తమ ఊళ్లో బతకవు. తమ ఊళ్లో బతికే చెట్లు ఆ పుస్తకాల్లో లేవు.

ఈ చిక్కును హవాయి దీవులు చక్కగా విప్పాయి. 1885 నుంచి చెరకు తోటల్లో కూలి పని కోసం జపాన్ నుంచి వేల మంది హవాయికి వలస వచ్చారు. వాళ్ల సంతతిలో బోన్సాయ్ మీద మమకారం మిగిలింది గానీ పైన్ ఎదిగే చలి ఆ దీవుల్లో లేదు. హరువో కనెషిరో అనే పెద్దాయన చైనా మర్రిని తీసుకుని దశాబ్దాలపాటు దాని స్వభావం నేర్చుకున్నాడు. అందరూ ఆయన్ను పాపా అని పిలిచేవారు. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో వేడి దేశాల చెట్ల కోసం 1993లో తెరిచిన అద్దాల గదికి ఆయన పేరే పెట్టారు.

ఫ్లోరిడాలో మరో కథ నడిచింది. ఉప్పు నీళ్ల అంచున, తుపాను గాలులకు మెలికలు తిరిగి, సగం ఎండి సగం బతికి ఉండే బటన్‌వుడ్ చెట్లను అక్కడివాళ్లు కుండీల్లోకి తెచ్చారు. జపాన్‌వాళ్లు జునిపర్ మీద ఏళ్లకేళ్లు చెక్కి తెప్పించే ఎండు కొయ్య అందం ఈ చెట్టుకు సముద్రమే ఇచ్చింది. వీరో బీచ్ ప్రాంతపు జిమ్ స్మిత్ జీవితమంతా వేడి దేశపు జాతులతోనే పనిచేసి, వంద చెట్లకు పైగా ఫోర్ట్ పియర్స్‌లోని హీత్‌కోట్ వృక్షోద్యానానికి ఇచ్చాడు. అమెరికాలో ప్రజలు చూడగలిగే వేడి నేల బోన్సాయ్‌లలో అతి పెద్ద సేకరణ అదే.

ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల్లో పగడపు రాళ్ల మీద పెరిగే పెంఫిస్ అనే పొద ఉంది. ఇండోనేషియాలో శాంతిగి, ఫిలిప్పీన్స్‌లో బాంటిగే అంటారు. కట్టె ఇనుమంత గట్టిది, ఆకు చిన్నది, మానులో వందేళ్ల గాలివాన గుర్తులు. రెండు దేశాల పెంపకందారులూ దాన్ని ప్రపంచ స్థాయికి తీసుకెళ్లారు. ఆ పేరు చెట్టుకే ముప్పు తెచ్చింది. తీరాల వెంట పెద్ద మొక్కలను పెళ్లగించి అమ్ముకోవడం పెరగడంతో, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చి, అడవి నుంచి తవ్వడాన్ని నిషేధించింది. పాత చెట్టును తవ్వి తేవడమా, విత్తనం నుంచో అంటు నుంచో పెంచడమా అన్న ప్రశ్న వేడి దేశాల బోన్సాయ్‌ను ఇప్పటికీ వదల్లేదు.

దక్షిణాఫ్రికా వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. కొత్త జాతులతో ఆగకుండా కొత్త ఆకారాలను కూడా ప్రతిపాదించారు. గాలికి వాలిన చెట్టు, కొండ చరియ నుంచి వేలాడే చెట్టు వంటి జపాన్ ఆకారాలన్నీ జపాన్ కొండల్లో కనిపించేవే. ఆఫ్రికా మైదానాల్లో గొడుగులా పరుచుకునే తుమ్మ జాతి చెట్టుకు ఆ పట్టికలో చోటు లేదు. ప్రిటోరియాకు చెందిన చార్లెస్ సెరోనియో తన పుస్తకంలో ఆఫ్రికా చెట్ల ఆకారాలకు పేర్లు పెట్టి వివరించాడు. ఆ చెట్లను ఎక్కువగా చిత్రించిన పీర్నీఫ్ అనే చిత్రకారుడి పేరు ఒక ఆకారానికి వచ్చింది. బావోబాబ్‌కు మరో ఆకారం దక్కింది. ఆ బావోబాబ్ హైదరాబాద్ వాసులకు కొత్తదేం కాదు. గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ కా ఝాడ్ అని పిలిచే పెద్ద చెట్టు అదే జాతి. కొన్ని వందల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చి, తొర్రలో మనుషులు దూరగలిగేంత లావెక్కింది.

మన నేల మీద

కుండీ చెట్టు మూలాలు భారతదేశంలోనే ఉన్నాయని చెప్పేవాళ్లు ఉన్నారు. మన దగ్గర చెట్ల విద్యకు లోతైన చరిత్ర ఉన్న మాట నిజం. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడు రాసిన వృక్షాయుర్వేదంలో విత్తనాలను శుద్ధి చేయడం, నాటడం, ఎరువులు, తెగుళ్లకు మందులు, కాలం కాని కాలంలో పూయించడం దాకా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో భద్రంగా ఉన్న ఆ రాతప్రతిని నళినీ సాధలే ఇంగ్లిష్‌లోకి అనువదించగా, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. అయితే ఒక చెట్టును పళ్లెం లాంటి కుండీలో తరాల తరబడి తీర్చిదిద్దే అలవాటు ఇవాళ మనకు కనిపించే రూపంలో జపాన్ నుంచే వచ్చింది.

20వ శతాబ్దం రెండో సగంలో ముంబై, ఢిల్లీ, పుణె వంటి నగరాల్లో బోన్సాయ్ సంఘాలు ఏర్పడ్డాయి. ముంబైలో జ్యోతి, నికుంజ్ పరేఖ్ దంపతులు ఇండో-జపనీస్ అసోసియేషన్ బోన్సాయ్ అధ్యయన బృందం ద్వారా ఎంతోమందికి ఈ విద్య నేర్పారు. ఈ సంఘాలను మొదటి నుంచీ నిలబెట్టినవాళ్లలో గృహిణుల పాత్ర పెద్దది. మేడ మీద కొంత జాగా, రోజూ రెండు పూటలా నీళ్లు పోసే ఓపిక, పదేళ్ల తర్వాతి ఆకారాన్ని ఇవాళే ఊహించే చూపు, ఇవే వాళ్ల పెట్టుబడి. బోన్సాయ్‌కు వాడే అకడమా మట్టిని జపాన్ నుంచి తెప్పించుకోవడం తలకు మించిన ఖర్చు కాబట్టి, ఇటుకలు పగలగొట్టి జల్లెడ పట్టిన ముక్కలు, ఏటి ఇసుక, చివికిన ఎరువు కలిపి సొంత మిశ్రమాలు తయారు చేసుకున్నారు. ఇటుక ముక్క నీటిని పీల్చి కొంచెం కొంచెంగా వదులుతుంది, వేళ్లకు గాలి ఆడనిస్తుంది, వానాకాలంలో కుండీ బురద కాకుండా చూస్తుంది. ఇంతకంటే మంచి మిశ్రమం మన వానలకు దొరకడం కష్టం.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ మైసూరులో ఉంది. గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలోని అవధూత దత్త పీఠంలో కిష్కింధ మూలికా బోన్సాయ్ తోట పేరుతో వందలాది కుండీ చెట్లు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి ఆశ్రమానికి వెళ్లే భక్తులు తొలిసారి మంచి బోన్సాయ్‌ను చూసేది తరచూ అక్కడే. 2016 డిసెంబరులో ఆ ప్రాంగణంలో అంతర్జాతీయ బోన్సాయ్ సమావేశం జరిగింది. 2018 ఫిబ్రవరిలో పుణెలో మరో భారీ అంతర్జాతీయ ప్రదర్శన ఏర్పాటైంది. బెంగళూరు లాల్‌బాగ్‌లోనూ, ఢిల్లీ లోదీ గార్డెన్‌లోనూ జనం చూసేలా బోన్సాయ్ తోటలు ఉన్నాయి.

ఆంధ్ర దేశంలో ఈ కథకు వ్యాపార ముఖం కడియంలో కనిపిస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి గ్రామాల నర్సరీలు గోదావరి ఒండ్రు మట్టి మీద బతుకుతాయి. అంట్లు కట్టడంలో, గాలి అంటుతో లావు కొమ్మను కొత్త చెట్టుగా దించడంలో అక్కడి పనివాళ్ల చేతివాటం తరాల నుంచి వచ్చింది. నర్సరీల్లో బోన్సాయ్ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది మర్రి జాతికే చెందిన ఫైకస్. దుంపలా ఉబ్బిన వేళ్లతో, ఎస్ ఆకారపు మానుతో కనిపించే ఈ రకాలకు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం, జాంగ్‌జౌ ప్రాంతం పుట్టిల్లు. ఒకే అచ్చులో వేల కొద్దీ తయారయ్యే ఆ మొక్క హోటల్ వరండాకు సరిపోతుంది. బోన్సాయ్‌గా దాని జీవితం కొన్న తర్వాత, మొదటిసారి ధైర్యం చేసి కొమ్మ కోసిన రోజున మొదలవుతుంది.

మర్రి, చింత, ఇంకా కొన్ని

మన వాతావరణంలో కుండీకి మర్రి జాతిని మించిన గురువు లేదు. కోస్తే పాలు కారతాయి, కానీ గాయం తొందరగా మూసుకుంటుంది. రెండు కొమ్మలను ఆనించి కడితే ఒకటిగా కలిసిపోతాయి. తేమ ఉంటే గాలిలోనే ఊడలు దించుతుంది. కష్టమంతా ఆకు దగ్గరే. అసలు మర్రి ఆకు అరచేతిని మించిపోతుంది. అడుగు ఎత్తు చెట్టు మీద అలాంటి ఆకులు పది ఉంటే కొమ్మలే కనపడవు. అందుకే చాలామంది చిన్న ఆకుల చైనా మర్రికో జువ్వికో మళ్లుతారు. అసలు మర్రితోనే పట్టుదలగా పనిచేసేవాళ్లు వేసవి మొదట్లో ఆకులన్నీ తుంచి, నీళ్లు కాస్త తగ్గిస్తారు. రెండు మూడు వారాల్లో వచ్చే కొత్త ఆకు చిన్నదిగా వస్తుంది. గ్వాంగ్‌జౌ తోటమాలి కొమ్మలు చూపించడానికి చేసే పనిని ఇక్కడ ఆకు తగ్గించడానికి చేస్తున్నారు.

ఊడల విషయంలో మన ముందు ప్రపంచంలోనే పెద్ద పాఠాలు ఉన్నాయి. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాలకు దగ్గరగా పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లు ఉంటుందని చెబుతారు. హౌరా వృక్షోద్యానంలోని మహావటానికి తెగులు సోకి 1925లో మూల మానునే తీసేశారు. అయినా ఊడల మీదే అది నిలిచి పెరుగుతోంది. అక్కడి సిబ్బంది లేత ఊడలను వెదురు బొంగుల సాయంతో నేలకు చేరుస్తారు. కుండీలో మర్రి పెంచేవాళ్లు ఇదే పనిని కూల్‌డ్రింక్ స్ట్రాతో చేస్తారు. స్ట్రాను నిలువునా చీల్చి, లేత ఊడను అందులో పెట్టి, తడి నాచు నింపి మట్టి దాకా దించుతారు. మట్టిలోకి దిగిన ఊడ తొందరగా లావెక్కుతుంది. ఒకే మాను నిక్కబొడుచుకున్న జపాన్ పైన్‌ను నమూనాగా పెట్టుకుంటే ఈ చెట్టుకు అన్యాయం జరుగుతుంది. మర్రి నిజంగా పెరిగే తీరు పది స్తంభాల మండపం. ఆ తీరునే పళ్లెంలోకి దించినప్పుడు అది మన చెట్టు అవుతుంది.

చింతది వేరే వరం. ఆకు పుట్టుకతోనే చిన్న రెబ్బలు. బెరడు పదేళ్లకే పగుళ్లు తేలి ముసలితనం కనబరుస్తుంది. వేప, సీమచింత, కాగితంపూల చెట్టు, నాగగొలుగు కూడా కుండీలో బాగా ఒదుగుతాయి. కాగితంపూల చెట్టు కాస్త దాహం వేసినప్పుడే విరగబూస్తుంది కాబట్టి తెలుగు ఎండ దానికి అనుకూలం.

పంచాంగం కూడా మారిపోయింది. జపాన్ పుస్తకంలో చలికాలం చివర అని రాసిన పనిని ఇక్కడ కొందరు మాఘ, ఫాల్గుణాల్లో చేస్తారు, కొందరు తొలకరికి వాయిదా వేస్తారు. ఎదుగుదల ఆగదు కాబట్టి కొమ్మకు చుట్టిన తీగను ఒకటి రెండు నెలలకే విప్పకపోతే అది బెరడులోకి దిగి మచ్చ వేస్తుంది. వేసవిలో లోతు తక్కువ కుండీ ఎండకు కాలిపోయి వేళ్లు ఉడికిపోతాయి, అందుకని ఆకుపచ్చ షేడ్ నెట్ కిందికి మారుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పూట నీళ్లు మరిస్తే చిన్న కుండీ దక్కదు. ఫైకస్ ఆకులు దొప్పలా ముడుచుకుంటే లోపల తామర పురుగులు చేరాయని అర్థం. తెల్లగా దూదిలా కనిపిస్తే పిండినల్లి. చలిదేశపు పుస్తకాలు ఈ రెంటి గురించీ అంతగా పట్టించుకోలేదు.

ఇన్ని చేసినా, చెట్టును హింసించే పని అని ఒక మాట, ఇంట్లో పెట్టుకుంటే ఎదుగుదల ఉండదని ఇంకో మాట తెలుగు ఇళ్లలో వినిపిస్తూనే ఉంటాయి. ఎండగట్టి, తిండి పెట్టకుండా చెట్టును చిన్నగా ఉంచుతారన్నది అపోహ. తిండి లేని చెట్టు కొన్ని నెలల్లో చస్తుంది. కుండీలో దశాబ్దాలు బతికిన చెట్టుకు వేళ్లు, కొమ్మలు కలిపి కత్తిరించి, కొత్త మట్టి వేసి, క్రమం తప్పకుండా ఎరువు పెడతారు. ఏ వీధి చెట్టుకూ అంత సేవ దక్కదు. ఎదుగుదల మాటకొస్తే, తరాల పాటు బోన్సాయ్ పెంచిన కుటుంబాలను చూస్తే చాలు.

హిరోషిమాలోని యమకి కుటుంబం 1625 నుంచి కుండీలో ఉన్న ఒక తెల్ల పైన్‌ను తరం తర్వాత తరం కాపాడుకుంటూ వచ్చింది. 1945 ఆగస్టు 6న ఆ ఊరి మీద అణుబాంబు పడినప్పుడు తోట గోడ చాటున అది బతికింది. 1976లో అమెరికా రెండు వందల ఏళ్ల పండుగకు జపాన్ ఇచ్చిన 53 చెట్లలో అదొకటిగా వాషింగ్టన్ చేరింది. దాని అణుబాంబు కథ 2001లో యమకి మనవలు చూడ్డానికి వచ్చినప్పుడు గానీ మ్యూజియం వాళ్లకు తెలియలేదు.

మన దగ్గర తొలి తరం పెంపకందారులు కుండీలోకి దించిన మర్రి, చింతలు ఇప్పుడిప్పుడే రెండో తరం చేతుల్లోకి వెళ్లవలసిన వయసుకు వచ్చాయి. పెంచినవాళ్లకు వయసు మీద పడింది. పిల్లలు చాలామంది వేరే ఊళ్లలో, వేరే దేశాల్లో ఉన్నారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో యాభై కుండీలకు చోటుండదు. వూ యీ-సున్ చెట్లను మాంట్రియల్, జిమ్ స్మిత్ చెట్లను ఫోర్ట్ పియర్స్ తీసుకున్నట్టు, తెలుగు నగరాల్లోని ఉద్యానశాఖ తోటలు కూడా ఈ చెట్లను తీసుకోవచ్చు. కావలసింది ఒక షేడ్ నెట్ పందిరి, వేసవిలో రోజూ రెండు పూటలా నీళ్లు పోసే తోటమాలి, ప్రతి చెట్టూ ఏ ఏడాది కుండీలోకి దిగిందో, ఎవరు పెంచారో రాసిపెట్టే ఒక పుస్తకం. మొదటి పేజీల్లో మర్రి, చింత ఉంటాయి. బర్రెంకకు కూడా ఒక పేజీ వదిలిపెట్టాలి.